పెద్దమ్మ పెట్టెలో ఖాళీ గదులు

2022 ఫిబ్రవరి. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు నుంచి లోపలికి మూడో సందులో, ఒక జిరాక్స్ షాపుకీ లేడీస్ హాస్టల్‌కీ మధ్య నా దుకాణం. తేనెటీగల పెట్టెలు, ముఖానికి కట్టుకునే వలలు, పొగ డబ్బాలు అమ్ముతాను. కొన్నవాళ్ళు పిలిస్తే ఇళ్ళకు వెళ్ళి ఈగల్ని చూసి ఏం బాగుందో ఏం బాగాలేదో చెబుతాను. అంతకు ముందు పద్దెనిమిదేళ్ళు ఇదే దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పాను. నోరు అక్కడే పదునెక్కిందని మావాళ్ళంటారు. అంతకు ముందేదో మెత్తగా ఉండేదన్నట్టు.

ఈగల డాక్టరమ్మా, అసలు మీరు చేసే పనేమిటని చాలామంది అడుగుతారు. చూస్తాం, ఆగుతాం, భయపడతాం. మూడోది ఎవరికీ చెప్పం. ఆ ఫిబ్రవరిలో మాత్రం రెండు వారాల పాటు నాకు అన్నం సహించలేదు.

ఒక సోమవారం పదకొండు గంటలప్పుడు ఒకావిడ వచ్చింది. నలభై లోపే ఉంటుంది. చేతిలో కూరగాయల సంచి, అందులో పాత పేపర్లో చుట్టిన ఫ్రేము. ఫ్రేమంటే చెక్క చట్రం, పెట్టెలో ఈగలు మైనపు గదులు కట్టుకునేది దాని మీదే.

"మేడం, గిది జర చూడుండ్రి. రోగమా కాదా, ఒక్క మాట చెప్పుండ్రి. రోగమే అయితే ఆదివారం అన్ని పెట్టెలు కాలవెడ్త."

"ఎన్ని ఉన్నాయి?"

"పద్నాలుగు."

"రోగమేమోనని పద్నాలుగు పెట్టెలు కాల్చేదానివి, ఫ్రేము బస్సులో పట్టుకొచ్చావా? దారంతా పంచావన్నమాట."

"పేపర్ల చుట్టిన గదా."

"క్రిములు పేపరు చదువుకుంటూ కూర్చుంటాయా?"

ఆమె నవ్వలేదు. సంచి పిడిని మెలితిప్పుతూ నిలబడింది. పేరు పద్మ. ఇల్లు మన్సూరాబాద్, సొంతూరు నల్లగొండ దగ్గర. ఆరేళ్ళ కింద ఒక్క పెట్టె ఇటాలియన్ తేనెటీగలు తెచ్చి మేడ మీద పెట్టుకుంది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. దాన్ని రెండు చేసింది, రెంటిని నాలుగు చేసింది. ఈగలు జింకల పార్కు వైపు ఎగిరిపోయి కడుపు నింపుకుని వస్తాయి. రెండేళ్ళుగా మాత్రం ఏ పెట్టె చూసినా బలం తగ్గుతోంది. వారం కింద పెట్టెలు అమ్మే మనిషొకాయన చూసి, ఇది ఫౌల్ బ్రూడ్, పిల్లపురుగు కుళ్ళిపోయే అంటురోగం, కాల్చడమే మందు అని చెప్పి వెళ్ళాడట.

ఫ్రేము వెలుతురుకి ఎత్తి చూశాను. మంచి రాణి గుడ్లు పెట్టిన పట్టు, గదుల మీద మూతలు పడ్డాక, బియ్యం పరిచినట్టు నిండుగా ఉండాలి. ఇది తూటాలు తగిలిన గోడలా ఉంది. ఒక గదికి మూత, పక్క గది ఖాళీ. మా భాషలో షాట్ బ్రూడ్ అంటాం. అగ్గిపుల్ల తీసుకుని మూతగదుల్లో గుచ్చాను. ఫౌల్ బ్రూడ్‌లో ఒక రకమైతే కుళ్ళిన పురుగు పుల్లకి పట్టుకుని బంకలా సాగుతుంది. సాగలేదు. వాసన చూశాను, పుల్లటి వాసన లేదు. ఖాళీ గదులు నాకి తుడిచినట్టు శుభ్రంగా ఉన్నాయి. చచ్చిన పిల్ల ఒక్కటీ లేదు.

"రోగం లెక్క లేదు," అన్నాను.

"లేదా, లేదు లెక్క ఉన్నదా?"

ఆ ప్రశ్న నాకు నచ్చింది, భయమూ వేసింది. ఎందుకంటే ఫౌల్ బ్రూడ్‌లో రెండో రకం ఉంది, అది పుల్లకి సాగకపోవచ్చు. అప్పుడప్పుడే మొదలైతే వాసనా రాదు. కాల్చమనడం సులువు, కాల్చమన్న వాణ్ణి ఎవరూ నిలదీయరు. కాల్చొద్దని చెప్పి, తర్వాత అది రోగమని తేలితే? వాళ్ళ పక్కనే వనస్థలిపురంలో నా దగ్గర పెట్టెలు కొన్నవాళ్ళే తొమ్మిదిమంది. వాళ్ళవి నాటు ఈగలే అయినా ఆ రోగం వాటికీ అంటుతుంది.

"సాయంత్రం వస్తాను," అన్నాను. "అంతవరకు ఒక్క పెట్టె కూడా ముట్టుకోకు."

మన్సూరాబాద్‌లో వాళ్ళది మూడంతస్తుల ఇల్లు. మెట్ల మీదే కాలనీ అసోసియేషన్ సెక్రటరీగారు ఎదురయ్యారు. ఏలూరు వైపు మనిషి, రిటైర్డ్.

"ఏవండీ, ఆ పెట్టెల్లో ఏదో రోగమటగా. మనుషులకి అంటుకుంటుందంటారా?"

"మీరు పిల్లపురుగైతే అంటుకుంటుందండీ."

ఆయన దారిచ్చాడు. పైన పద్మా, ఆమె భర్త నరసింహా ఉన్నారు. ఎల్బీనగర్‌లో పార్సిల్ ఆఫీసులో పని ఆయనకి. ఆమెకన్నా పదేళ్ళు పెద్ద ఉంటాడు, మాట తక్కువ. పొగ డబ్బా అంటించి నా చేతికిచ్చాడు. పద్మ ఆయన్ని మామా అని పిలుస్తోంది. విన్నాను. విని వదిలేశాను, అక్కడే ఉంది నా తప్పంతా.

మేడ మూలన నీలం రంగు పెట్టె. దాని పేరు పెద్దమ్మ.

"మొట్టమొదలు తెచ్చింది గిదే మేడం. కడమయన్నీ దీని పిల్లలే. గీ పెట్టె ఈగలు అస్సలు కుట్టయి. చుట్టూ ఇండ్లాయె, పక్క మేడ మీద వడియాలు పెడ్తరు, పిల్లలు పతంగులు ఎగరేస్తరు. కుట్టే ఈగలు ఉంటే ఉండనిస్తరా? అందుకే ఏ పెట్టెల రాణి జర కోపంది అనిపించినా తీసేసి, పెద్దమ్మ బిడ్డనే పెడ్త."

"బయట నుంచి రాణిని ఎప్పుడైనా తెచ్చావా?"

"బయటిదెందుకు? ఏ రోగముంటదో ఎవలకెర్క?"

అప్పుడే నాకు అనుమానం తగిలింది. అనుమానం మీద పద్నాలుగు పెట్టెల బతుకు పందెం పెట్టలేం కదా. పాఠాలు చెప్పే రోజుల్లో ప్రొజెక్టర్‌కి వాడిన పారదర్శకపు షీట్లు ఇంకా నా దగ్గరున్నాయి. ఒకటి పెద్దమ్మ ఫ్రేము మీద పరిచి, గుడ్డున్న ప్రతి గది మీదా పెన్నుతో చుక్క పెట్టాను. నూటికి నూరు గదుల్లో గుడ్లున్నాయి. రాణి ఒక్క గదీ వదల్లేదు. గుడ్డు పగలడానికి మూడు రోజులు పడుతుంది. నాలుగో రోజు చూస్తే ఏ గదిలో పిల్ల నిలిచిందో, ఏ గదిలో మాయమైందో తెలుస్తుంది.

"శుక్రవారం దాకా ఆగు."

"ఆగుత. ఆదివారం దాటి ఆగ. సెక్రటరీ సార్ మీటింగుల ఒప్పుకున్న."

శుక్రవారం షీటు తిరిగి పరిచాను. ఇంచుమించు సగం చుక్కల కింద ఏమీ లేదు. మిగతా సగంలో తెల్లగా, ఆరోగ్యంగా చిన్న పిల్లపురుగులు, చుట్టూ కూలీ ఈగలు పోసిన పాలలాంటి మేత. కుళ్ళు లేదు, చావు లేదు. సగం మాత్రం మాయం. నా గుండె కుదుటపడింది, దాంతోపాటే నోరూ జారింది.

పద్మకి చెప్పిందే పాఠకులకూ రెండు ముక్కల్లో చెబుతాను. తేనెటీగల్లో మగ ఈగకి తండ్రి ఉండడు, ఫలదీకరణ జరగని గుడ్డు నుంచి పుడుతుంది. ఫలదీకరణ జరిగిన గుడ్డు ఆడ ఈగ అవుతుంది. పరీక్షల్లో రెండు మార్కుల ప్రశ్న, పద్దెనిమిదేళ్ళు ఇంతవరకే చెప్పాను. అసలు తేల్చేది ఒక్క జీను. దాన్ని ఒక నంబరు అనుకోండి. తల్లి నుంచి ఒక నంబరు, తండ్రి నుంచి ఒక నంబరు. రెండూ వేరువేరైతే ఆడ. తండ్రి లేని గుడ్డులో ఒక్క నంబరే ఉంటుంది కాబట్టి మగ. మరి రెండుండి, రెండూ ఒకే నంబరైతే? ఒక్కటే ఉన్నట్టు లెక్కేసుకుని అది కూడా మగ ఈగగానే తయారవుతుంది. డిప్లాయిడ్ డ్రోన్ అంటారు దాన్ని, పెరిగినా వంశానికి పనికిరాదు. గుడ్డు పగిలిన కొన్ని గంటల్లోనే కూలీ ఈగలు దాన్ని వాసనతో పసిగట్టి తినేస్తాయి.

మన ఊళ్ళో గోడలకీ చెట్లకీ పట్టే నాటు ఈగలు వేరే జాతి, ఇటాలియన్ రాణికి ఆ మగ ఈగలు కుదరవు. చుట్టుపక్కల ఇటాలియన్ పెట్టెలు ఇంకెవరికీ లేవు. కాబట్టి పద్మ రాణులు జతకట్టడానికి ఆకాశంలోకి ఎగిరినా అక్కడ దొరికేది అన్నదమ్ములే, మేనల్లుళ్ళే. తరం తరానికీ నంబర్లు తగ్గిపోతాయి. ముదిరితే సగం గదులు ఖాళీ.

ఇంతవరకూ చెప్పి ఊరుకుంటే సరిపోయేది. క్లాసులో చివరి బెంచీ వాడికి కూడా ఎక్కాలని ఒక పోలిక తగిలించే అలవాటు నాకు.

"మన మేనరికాలే చూడు. ఇంట్లో ఇంట్లోనే కలుపుకుంటూ పోతే రక్తం పలచబడి పిల్లలు నిలవరు. నీ ఈగల సంగతీ అంతే. చేజేతులా చేసుకున్నావు."

పద్మ ఫ్రేము నా చేతిలోంచి తీసుకుని పెట్టెలో దించి, మూతేసింది.

"అయితే నాదే తప్పంటరు."

"తప్పని కాదు, తెలియక..."

"మీరు పోండ్రి మేడం. ఆదివారం కాలవెడ్త. రోగమో, రక్తమో, ఏదైతేంది."

ఆమె కిందికి వెళ్ళిపోయింది. నరసింహ నన్ను గేటు దాకా దిగబెట్టాడు. గేటు దగ్గర తల ఎత్తకుండా చెప్పాడు.

"నేను ఆమెకు మేనమామనే మేడం. మా అక్క బిడ్డ. రెండు కాన్పులు మధ్యల్నే పోయినయి. మూడోసారి బాబు పుట్టిండు. తొమ్మిది దినాలు ఉన్నడు. మలక్‌పేట దవాఖానలనే పోయిండు. ఆ తర్వాతనే గీ పెట్టె తెచ్చుకున్నది."

గేటు గడియ నేనే వేసి రోడ్డు మీదికి వచ్చాను.

శనివారం ఆరుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. దుకాణంలో కూర్చుని రెండు రకాల భయం పడ్డాను. మొదటిది, బాగున్న పద్నాలుగు పెట్టెల ఈగలు నా నోటి వల్ల మంటల్లో పోతాయని. రెండోది ఇంకా నీచమైనది, నేనసలు తప్పేమోనని. రాణి ముసలిదైనా, మేత కరువైనా కొంత పిల్ల మాయమవుతుంది. ముందుగా అనుమానపడి తర్వాత చుక్కలు లెక్కపెట్టాను కాబట్టి నా లెక్కే నాకు నచ్చినట్టు వచ్చిందా? అదీ కాక, జువాలజీ చదివినదాన్ని, రక్తం పలచబడడం అనే మాట ఎక్కడ నేర్చుకున్నాను? పుస్తకంలో లేదు. పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర విన్నది.

తేల్చుకోవడానికి ఒక దారుంది. ఇబ్రహీంపట్నం దగ్గర ఒక తోటలో ఇటాలియన్ ఈగలున్నాయి, పద్మ ఈగలతో చుట్టరికం లేనివి. ఆదివారం పొద్దున్నే వెళ్ళి అక్కడి పెట్టెలన్నీ తిప్పి చూసి, రోగం లేదని నమ్మకం కుదిరాక, అప్పుడే గుడ్లు పెట్టిన ఫ్రేము ఒకటి అడిగి తీసుకున్నాను. తడి తువ్వాల్లో చుట్టి, డబ్బాలో పెట్టి, ఆటోవాడిని గతుకు వచ్చినప్పుడల్లా తిట్టుకుంటూ మన్సూరాబాద్ వచ్చేసరికి మూడయింది.

మేడ మీద డీజిల్ డబ్బా, ఎండుకట్టెలు సిద్ధంగా ఉన్నాయి. మేతకెళ్ళిన ఈగలన్నీ పొద్దుగూకేసరికి గూటికి చేరతాయి, అప్పుడు కాలుస్తారు. పద్మ నీళ్ళ ట్యాంకు గట్టు మీద కూర్చునుంది.

"మల్ల ఎందుకొచ్చిండ్రు?"

"శుక్రవారం నేనన్నదాంట్లో సగం తప్పు. ఆ సగం వెనక్కి తీసుకోవడానికి."

"ఏ సగం?"

"మనుషుల సగం. మనుషుల్లో ఈ నంబర్ల లెక్క లేదు. ఆడా మగా తేలే పద్ధతే వేరు. రక్తం పలచబడడం అనేది ఎక్కడా లేదు. నోటికొచ్చి అన్నాను."

"అయితే మేనరికం మంచిదంటరా ఇప్పుడు?"

"అనను. నిన్ను ఊరడించడానికి అబద్ధం చెప్పను. దగ్గర సంబంధాల్లో కొన్ని జబ్బులకి అవకాశం పెరుగుతుంది. అవకాశం పెరగడం వేరు, నీ బాబుకి అదే జరిగిందనడం వేరు. అది పరీక్షలు చేసి డాక్టరు చెప్పాలి. పెట్టెలు అమ్ముకునేదాన్ని నేను చెప్పకూడదు."

"డాక్టర్లు ఏం చెప్పలే. అన్ని చుట్టాలే చెప్పిండ్రు." నా వైపు తిరిగింది. "మొన్న తింటయి అన్నరు గదా. ఎవలు తింటరు?"

"కూలీ ఈగలు. వాటి అక్కలే."

"పుట్టిన ఎంతసేపటికి?"

"గంటల్లోనే."

"తొమ్మిది దినాలు ఉంచయి అన్నట్టు."

"ఉంచవు."

పక్కింట్లో కుక్కరు రెండు కూతలు కూసింది. నరసింహ కట్టెల దగ్గరే నిలబడ్డాడు, పేర్చలేదు, తియ్యలేదు.

"నొప్పైతదా వాటికి?"

"తెలీదు."

"మీకు తెల్వనిది గుడ ఉన్నదా," అంది పద్మ. వెక్కిరింపే. నాకు ప్రాణం లేచి వచ్చింది.

డబ్బా తెరిచి ఫ్రేము చూపించాను. "ఇవి వేరే తోట గుడ్లు. నీ పెట్టెలో పెడదాం. నీ కూలీ ఈగలే వీటికి పాలిచ్చి పెంచుతాయి. అన్నీ నిలిస్తే నీ ఈగల్లో రోగం లేదు, లోపం గుడ్డు నంబరులోనే ఉంది. రాణుల్ని మారిస్తే చాలు."

"నిలవకుంటే?"

"రోగమే. అప్పుడు అగ్గిపుల్ల నేనే గీస్తాను."

"బయటిది తెచ్చి నా పెట్టెల పెట్టుమంటున్నరు. దీంతోనే రోగమొస్తే?"

"పొద్దున్నుంచి తొమ్మిది పెట్టెలు తిప్పి చూసి తెచ్చాను. అయినా రాదని ప్రమాణం చెయ్యలేను."

"ఎనిమిది దినాలల్ల ఏం పోతది పద్మా," అన్నాడు నరసింహ.

"నువ్వూకో మామా." ఆమె లేచి చీర కొంగు బిగించింది. అంతలో మెట్ల దాకా వచ్చిన సెక్రటరీగారిని చూసి, "ఇయ్యాల కాలవెడ్తలేను సార్. వచ్చే సోమారం చెప్త," అంది. తర్వాత నాతో, "పెద్దమ్మల పెట్టుండ్రి."

ఆ ఎనిమిది రోజులూ నేను ఫోన్ చెయ్యలేదు. చేస్తే పెట్టె తెరిచి చూడమంటానని నాకే భయం. మాటిమాటికీ తెరిస్తే పిల్లలకి చలి తగులుతుంది, అప్పుడు ఏ లెక్కా నిలవదు. దుకాణంలో ఒకతను పొగ డబ్బా అడిగితే వల ఇచ్చి పంపాను.

సోమవారం మధ్యాహ్నం ముగ్గురమూ పెట్టె చుట్టూ నిలబడ్డాం. ముందు వాళ్ళ పాత ఫ్రేము తీశాను, మళ్ళీ అవే తూటా దెబ్బలు. దాని పక్కనున్న తోట ఫ్రేము తియ్యకుండా, బంక పట్టేసుకుందని అబద్ధమాడాను. పద్మ నన్ను పక్కకి జరిపి తనే ఎత్తింది.

ఈ చివర నుంచి ఆ చివర దాకా మూతలు. ఖాళీ గదులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

చాలాసేపు ఎండకి ఎదురుగా పట్టుకుని చూసింది. "నా ఈగలు సాకుతయి," అంది. మళ్ళీ మెల్లగా, "మంచిగనే సాకుతయి మేడం." ఫ్రేము నరసింహ చేతికిచ్చి ట్యాంకు గట్టు మీద కూర్చుని ముఖం కప్పుకుంది. మేమిద్దరం ఫ్రేము వైపే చూస్తూ నిలబడ్డాం.

తర్వాత పనంతా మామూలే. రెండు వేరువేరు తోటల నుంచి రాణుల్ని తెచ్చి, ఒక్కో పెట్టెకి ఒక్కొక్కటి పంజరంలో పెట్టి అలవాటు చేశాం. కొత్త రాణి రావాలంటే పాతది పోవాలి. పెద్దమ్మ పెట్టె రాణిని నన్ను తియ్యనివ్వలేదు, తనే తీసింది. నేను గోడ వైపు తిరిగాను.

ఈ కేసు నేర్పింది రెండు. మొదటిది పెట్టెలు కొన్న ప్రతివాళ్ళకీ చెబుతాను: ఎంత మంచి రాణి అయినా ఆ ఒక్కదాని సంతానంతోనే పెట్టెలన్నీ నింపకండి, ఏడాదికోసారైనా బయటి రాణిని తెచ్చి కలపండి. రెండోది ఎవరికీ చెప్పను, పాటిస్తాను. ఈగల గురించి అడిగితే ఈగల గురించే చెబుతాను. నంబర్లంటాను, తాళాలంటాను, తాళంచెవులంటాను. వినేవాళ్ళ ఇంట్లో ఎవరున్నారో, ఎవరు లేరో తెలియకుండా మనుషుల పోలిక తేను. నా నోటికి ఇది చిన్న శిక్ష కాదు.

ఏప్రిల్‌లో చూడ్డానికి వెళ్ళాను. పెట్టెలు కిటకిటలాడుతున్నాయి. మూత తీయగానే ఒకటి వచ్చి నా మణికట్టు మీద కుట్టింది, వెంటనే ఇంకోటి. పద్మ నా చెయ్యి పట్టుకుని గోరుతో ముల్లు గీకి తీసింది.

"కుడతయి మేడం," అంది. "బయటి సంబంధం గదా. మన ఇంటి తీరు తెల్వది వాటికి."

అని నవ్వింది, నరసింహ కూడా నవ్వాడు. నా దగ్గర దానికి మంచి జవాబే ఉంది. నోరు మూసుకుని, రెండు చేతులకీ తొడుగులు వేసుకున్నాను.